ఉబ్బిన అనాస డబ్బా

నా చిన్నప్పుడు ఉదయగిరిలో మా వీధి మొత్తానికీ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివే దిక్కు నేనొక్కదాన్నే. చదివేది ఆరో తరగతే అయినా మందు సీసాల మీది రాతల నుంచి టెలిగ్రాముల దాకా అన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఆ గర్వంతో నాకు కాళ్లు నేలమీద ఆనేవి కావు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. ముస్లింల ఇల్లు. పెళ్లయిన ఏడాదికే వాళ్లాయన కువైట్ వెళ్లి అక్కడ ఏదో సరుకుల కొట్లో పనికి కుదిరాడు. మన వైపు వచ్చేవాళ్లెవరైనా దొరికితే చాలు, వాళ్ల చేత అక్కకి ఏదో ఒకటి పంపేవాడు. టీ పొడి, పాలపొడి, బిస్కెట్ల డబ్బా, ఖర్జూరాలు, బాదం పప్పు, ఒకసారి అనాస ముక్కల డబ్బా. అక్క వాటిలో ఒక్కటీ విప్పలేదు. గాజు తలుపుల అల్మారాలో వరసగా పేర్చి, రోజూ కొంగుతో తుడిచేది. ఆయన వచ్చినాక కలిసి తింటామనేది. అనాస డబ్బా అంటే ఆమెకి ప్రాణం. ఆ పండు ఆమె ఎన్నడూ రుచి చూసింది లేదు.

రెండేళ్లకి ఆయన వస్తున్నాడని కబురు వచ్చింది. రేపు దిగుతాడనగా అక్క డబ్బాలన్నీ వసారాలోకి తెచ్చి చాప మీద పెట్టింది. నేను ఊరుకోవచ్చుగా! నా చదువు చూపించుకోవాలి కదా. ఒక్కొక్క డబ్బా తిప్పి తేదీలు గట్టిగా చదివాను. అనాస డబ్బాకి తప్ప అన్నిటికీ గడువు దాటిపోయింది.

అక్క అత్తగారు అక్కడే మంచం మీద కూర్చుని కూతురి బిడ్డని ఆడిస్తోంది. ఆమె చెడ్డ మనిషి కాదు కానీ భయస్తురాలు. తేదీ దాటితే విషమేనని ఆమెకి ఎవరో చెప్పారట. వాడు వచ్చిన రోజే కడుపు నొప్పితో పడుకుంటే ఎవరు జవాబు చెప్తారు, అన్నీ తీసుకెళ్లి దిబ్బలో పారెయ్యమంది. మా అమ్మ కూడా ఆమెకే వంత పాడింది. అక్క మొహం పాలిపోయింది. ఎండలో మూటలు మోసి సంపాదించి పంపినవి ఒక్కటీ మిగల్చకుండా దిబ్బ పాలు చేశానని ఆయనకి ఏ నోటితో చెప్పాలి?

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగు నడుముకి చుట్టి, చాపని ఎండ పడే చోటికి లాగి కూర్చుంది.

ముందు ఖర్జూరాలు విప్పింది. వాటి మీద తెల్లటి పొడి కనపడగానే, చూశావా బూజు పట్టింది అని అత్తగారు గుండెలు బాదుకుంది. అక్క లోటాలో గోరువెచ్చటి నీళ్లు తెచ్చి ఒక పండుని అందులో వేసింది. మేమంతా వంగి చూస్తుండగానే ఆ తెలుపు కరిగిపోయి, నల్లటి పండు నిగనిగలాడుతూ బయటపడింది.

"బూజైతే దూది మాదిరి నూగు ఉంటాది అత్తా, ఇట్టా కరగదు. ఇది పండులోని చక్కెర, పైకి తేలి ఉండాది" అంది అక్క. ఇంకో నాలుగు పండ్లు చీల్చి పురుగు లేదని చూపించి, అందరికన్నా ముందు తనే ఒకటి నోట్లో వేసుకుంది.

టీ పొడికి చెమ్మ తగల్లేదు, ఘాటు కాస్త తగ్గిందంతే. బాదం పప్పు కొరికి చూస్తే చేదూ లేదు, మక్కిన వాసనా లేదు. బిస్కెట్లు మాత్రం పాత నూనె కంపు కొట్టాయి. వాటిని మొహమాటం లేకుండా అవతల పెట్టేసింది. పాలపొడి తెల్లగా, ఉండలు లేకుండా బాగానే ఉంది. బిడ్డకి కలిపి పట్టొచ్చుగా అన్నాను నేను. అక్క నన్ను ఉరిమి చూసింది. పెద్దవాళ్ల టీలోకి సరేగాని, పసిబిడ్డ కడుపుతో పరాచకాలు వద్దంది. అక్కడ తేదీ మాటే మాట.

చివరికి అనాస డబ్బా మిగిలింది. దానికి ఇంకా గడువుందని నేనే ఉత్సాహంగా అందించాను. అక్క మూత మీద బొటనవేలు ఆనించి ఆగిపోయింది. మూత ఉబ్బి ఉంది. నొక్కితే లోపలికి పోయి, మళ్లీ టప్పున పైకి లేచింది.

తేదీ ఉంది కదక్కా, కాస్త విప్పి వాసన చూద్దామని బతిమాలాను.

"తేదీ పైన రాసినారు పాపా, లోపల కుళ్లిందని డబ్బానే చెప్తా ఉండాది. చచ్చిన గొడ్డు పొట్ట ఉబ్బడం చూళ్లేదా నువ్వు? వాసన రాని విషం కూడా ఉంటాది. దీన్ని విప్పేది లేదు."

అన్నిటికన్నా ఇష్టంగా దాచుకున్న ఆ డబ్బాని తనే పట్టుకెళ్లి, కుక్కలు కూడా తవ్వలేనంత లోతున పూడ్చి వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు ఆత్మకూరు మీదుగా వచ్చిన బస్సులో బావ దిగాడు. ఖర్జూరాలు, బాదం వేసి అక్క చేసిన సేమియా పాయసం ఆయన మూడు గిన్నెలు తాగాడు. ముందురోజు గుండెలు బాదుకున్న అత్తగారు రెండో గిన్నె తనే అడిగి పోయించుకుని, మా కోడలు ఎంత తెలివిగలదో అని వీధి వీధంతా చెప్పి వచ్చింది. గడువున్న అనాస డబ్బా ఎందుకు పూడ్చావని బావ అక్కని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే నేను "అది ఉబ్బింది బావా" అన్నాను. ఆయన పకపకా నవ్వి, మా కొట్లో కూడా ఉబ్బినదాన్ని గల్లా దగ్గర కూర్చునే యజమాని షేక్ ముట్టుకోనివ్వడు, మీ అక్కకి అక్కడ ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. ఆ మాటకి అక్క మొహం వెలిగిపోయింది. అంతగా తలెత్తుకుని నవ్వడం నేను అదివరకు చూడలేదు.

తర్వాత ఆయన గొంతు తగ్గించి ఒక మాటన్నాడు.

"నువ్వు తింటా ఉంటావనుకునే గదా అక్కడ నాకు ముద్ద దిగింది. దాచిపెట్టమని పంపినానా?"

అక్క ఆయన తెచ్చిన సంచి అక్కడే విప్పి, అందులోని మిఠాయి అందరి చేతుల్లో పెట్టింది.

ఇప్పుడు నేనూ మనవలున్నదాన్ని. ఇంట్లో ఏ పొట్లం చూసినా తేదీ చదువుతాను, చదివి అక్కడితో ఆగను. కళ్లూ, ముక్కూ, బొటనవేలూ పనిచేస్తాయి. ఉబ్బిన డబ్బాతో, పసిబిడ్డల తిండితో బేరం లేదు. ఇక మంచిది ఏది వచ్చినా దాచను, ఆ పూటే విప్పుతాను. కావలసిన మనిషి ఎక్కడో దూరాన ఉంటే, ఆ మనిషి వాటా కూడా నేనే తిని, ఎంత బాగుందో ఫోన్ చేసి చెబుతాను.