అమ్మ నోటికి మాట కలిపిన రోజు

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ మొండితనంతోనే అమ్మ వీడియోను దాదాపు పాడుచేశాను.

అమ్మ పోయిన నాలుగో నెలలో రఘునాథపల్లి నుంచి మేనమామ ఒక పెన్‌డ్రైవ్ పంపించాడు. ఆయన కూతురి పెళ్లి వీడియో అది. ఆ పెళ్లైన ఇరవై రోజులకే అమ్మ గుండె ఆగిపోయింది. వీడియో తీసినవాళ్ల దగ్గర అసలు రికార్డు చెడిపోయిందట. లైవ్ పెట్టినప్పుడు ఎవరో డౌన్‌లోడ్ చేసుకున్నదే మిగిలింది. దాంట్లో బొమ్మ ఒకచోట ఉంటే మాట ఇంకోచోట ఉంది. పంతులు నోరు మూశాక మంత్రం వినిపిస్తోంది.

"దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టున్నది కోడలా, జర సూడు" అన్నాడు మామ ఫోన్లో.

మహబూబాబాద్‌లో నేను పనిచేసే బడిలో పాఠాల వీడియోలకు ఇలాంటి రోగం వస్తే మందు వేసేది నేనే. అందుకే సరేనన్నాను. కానీ నా తొందర మామ కూతురి పెళ్లి చూడటానికి కాదు. అమ్మకు ఫోటో అంటేనే గిట్టదు. ఎవరైనా ఫోన్ ఎత్తితే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆమె గొంతు ఎక్కడా రికార్డు చేసి లేదు. ఈ వీడియోలో మాత్రం పసుపు దంచే చోట ఆమె మొహం దగ్గరగా కనిపిస్తుంది, ఏదో అంటుంది. మిగతా అంతా పని చేస్తూ అటూ ఇటూ తిరగడమే. నాకు ఆ కొన్ని క్షణాల గొంతు కావాలి. బాపుకు అంతకన్నా ఎక్కువ కావాలి.

బాపు భూపాలపల్లి బొగ్గుబాయిలో పైకప్పు చూసే పని చేశాడు. ఇనుప కడ్డీతో బండను తట్టి ఆ చప్పుడు వింటాడు. గట్టిగా మోగితే కిందికి మనుషులు వెళ్లొచ్చు, డొల్లగా వస్తే ఆగాలి. ఎందరో ఆయన చెవిని నమ్ముకుని లోపలికి వెళ్లి బయటికి వచ్చారు. ఏళ్ల తరబడి బొగ్గు కోసం పెట్టే పేలుళ్ల మధ్య ఉండి చివరికి ఆ చెవులే పోయాయి. ఇప్పుడు మిషిన్ పెట్టుకుంటే ఎడమ చెవికి కొంచెం వినిపిస్తుంది. మిగతాది ఎదుటివాళ్ల నోరు చూసి పట్టుకుంటాడు. నోరూ చప్పుడూ రెండూ కలిస్తేనే ఆయనకు మాట అవుతుంది. అందుకే ఆ వీడియో మొదట్లోనే చిరాకుపడి, "తల నొస్తున్నది బిడ్డా, నువ్వు మంచిగ చేసినంక సూస్త" అని లేచి వెళ్లిపోయాడు. అమ్మ పోయినప్పటి నుంచి ఆయన నా దగ్గరే ఉంటున్నాడు.

ఆదివారం పొద్దున కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మొదట్లో గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టడం ఉంది. కాయ పగిలిన క్షణానికి చప్పుడు వచ్చేలా ధ్వనిని ముందుకు జరిపాను, కుదిరింది. ఇల్లు అలకగానే పండుగ కాదు కదా, గంట తర్వాత పసుపు దంచే చోటికి వెళ్తే మళ్లీ తేడా వచ్చింది. ఇలాంటి వాటిలో ఆలస్యం పోనుపోను పెరుగుతుంది. అక్కడ విడిగా సరిచేయాలి.

అమ్మ రోలు పక్కన కూర్చుని తలెత్తింది. పెదవులు కదిలాయి. మాట లేదు, డప్పుల హోరు మాత్రమే ఉంది. కొన్ని క్షణాల తర్వాత ఒక ఆడగొంతు, "జర సన్నగ దంచుండ్రి వదినె, మల్ల జల్లెడ పట్టాలె" అంది. ఇదే అమ్మ మాటని తేల్చేసుకున్నాను. ఆ హోరులో గొంతు సరిగా తెలియడం లేదు. ఆశపడ్డ చెవికి అది అమ్మ గొంతులాగే ఉంది. ఆ మాటను తెచ్చి అమ్మ పెదవుల మీద పెట్టాను. రెండుసార్లు చూసి ఏడ్చాను కూడా.

బాపును పిలిచి కూర్చోబెట్టాను. ఆయన మిషిన్ సరిచేసుకుని ముందుకు వంగి చూశాడు. మొహం చిట్లించాడు.

"గిది మీ అమ్మ మాట కాదు."

"నీకు సక్కగ ఇనబడుతలేదు బాపూ."

"ఇనబడుడు కాదు. ఆమె అన్నది గిది కాదు."

నాకు కోపం వచ్చింది. పొద్దుటి నుంచి కూర్చుని చేసిన పని. చెవులు లేని మనిషి నాకు చెప్పడమా అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆయన వాదించలేదు. స్పీకర్ డబ్బా మీద అరచెయ్యి ఆనించి, రోకలి ఎత్తే చోటి నుంచి మళ్లీ పెట్టమన్నాడు. బాయిలో బండను తట్టేటప్పుడు రెండో చెయ్యి పైకప్పుకు ఆనించేవాడట. చెవి తప్పు చెప్పినా చెయ్యి చెప్పదట.

"రోకలి పడకముందే దెబ్బ వస్తున్నది సూడు. ఎనకకు జరుపు."

నేను ఇన్నిసార్లు చూసినా అమ్మ నోరే చూశాను కానీ రోకలిని చూడలేదు. ధ్వనిని కొంచెం కొంచెంగా వెనక్కి జరిపాను. ఆయన కళ్లు తెర మీద, చెయ్యి డబ్బా మీద ఉన్నాయి. "ఇంక... ఇంక... ఆఁ, ఆపు." మొదటి దెబ్బ రోట్లో పడింది, అదే క్షణంలో చప్పుడూ వచ్చింది. అన్ని దెబ్బలూ కుదిరాయి. అమ్మ తలెత్తింది. పెదవులు కదిలాయి. మాట లేదు.

నా నోరు ఆయనకు కనబడేలా ఎదురుగా వచ్చి, "ఈడ మాట పోయింది బాపూ" అన్నాను.

"మాటెందుకుంటది బిడ్డా? నాతోని మాట్లాడుతున్నది."

అప్పుడు చెప్పాడు. బొగ్గుబాయి క్వార్టర్లలో గోడకు గోడ ఆనుకుని ఉండేది. ఈయనకు వినిపించేలా అరిస్తే ఇంటి గుట్టంతా వాడకు తెలిసేది. అందుకని అమ్మ గొంతు తీయకుండా పెదవులతో చెప్పడం నేర్చుకుంది. మేము పిల్లలం హాస్టల్ నుంచి సెలవులకు వస్తే మాత్రం మా కోసం గట్టిగా మాట్లాడేది. మా ఇంట్లో అలాంటి ఒక భాష ఉందని నాకు తెలియదు. ఆరో తరగతి నుంచి ఆ ఇంటికి నేను చుట్టాన్నే. ఉన్న ఒక్క మాటకూ గొంతు లేదని, అది నాకోసం కాదని దుఃఖం ముంచుకొచ్చింది. పెళ్లిలో బాపు కెమెరా వెనకే కుర్చీలో కూర్చున్నాడట. అమ్మ చూసింది కెమెరాను కాదు.

"ఏమన్నది?" అని అడిగాను.

ఆయన ఇంకోసారి పెట్టించుకున్నాడు. మెల్లగా ఒక్కొక్క మాటా చదివాడు.

"మిషిన్ తీసెయ్. లొల్లి ఎక్కువున్నది, చెవి నొస్తది. ఎవలేమన్నరో ఇంటికి పోయినంక నేను చెప్త."

"చెప్పిందా?"

"ఏడ చెప్పింది? బస్సులనే నిద్రపోయింది. ఇంటికొచ్చినంక రేపు చెప్త అన్నది. నేను సుత మల్ల అడుగలే. ఏడికి పోతదిలే అనుకున్న."

బాపు చెవి మిషిన్ తీసి దాని డబ్బాలో పెట్టి మూత వేశాడు. వీడియో అలాగే నడుస్తోంది. నేను కుర్చీని తెర పక్కకు లాక్కుని, కిటికీ వెలుతురు నా మొహం మీద పడేలా కూర్చున్నాను. జల్లెడ పట్టాలన్న మాట ఇప్పుడు అమ్మ పక్కనున్న మా చిన్నత్త పెదవులకు సరిగ్గా కుదిరింది. గొంతు తీయకుండా, ఆ మాట చిన్నత్తదని చెప్పాను.

"నోరు గంత సాపకు. మీ అమ్మ మెల్లగ చెప్పేది" అన్నాడు.

మళ్లీ మెల్లగా చెప్పాను. రోకలి బరువుందని ఎవరన్నారో, పెళ్లికొడుకు పొట్టి అని ఎవరు నవ్వారో, పసుపు పచ్చిగా ఉందని ఎవరు తిట్టారో, వాళ్ల మాట వచ్చినప్పుడల్లా చెప్పాను. పొట్టి అన్నచోట బాపు గట్టిగా నవ్వాడు. అప్పగింతల దాకా చెప్పేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, "ఇగ పెండ్లి నుంచి ఇంటికొచ్చినట్టున్నది బిడ్డా" అన్నాడు.