పదకొండు కోసం రెండు పోగులు

మంగళవారం పొద్దున ఎనిమిది గంటలకు, మరాఠీ ఊళ్లో మా తెలుగు నేతవాళ్ల వాడైన దాజీ పేటలోని ఇంట్లో, మా పెద్దమ్మ చనిపోయింది. అప్పటికి పక్క గదిలో మగ్గం మీద, పదకొండు పువ్వుల చద్దర్ల ఆర్డరులో ఆఖరిది మూడొంతులు నేసి ఉంది. ఆమె గురించి చెప్పాలంటే ఆ చద్దరు గురించే చెప్పాలి.

పెద్దమ్మ పడుగు వేసేది. అంటే నేతకు ముందు నిలువు పోగులు లెక్కపెట్టి పరిచేది. పెదనాన్న నేసేవాడు. ఆమెకు లెక్క మరాఠీలో, తిట్లు తెలుగులో. పోగులు లెక్కపెడుతుండగా పలకరించినవాడికి తెలుగు తప్పేది కాదు.

వాడలో అందరూ పడుగుకు ఐదువేల పోగులు వేసేవారు. ఆమె మాత్రం ఐదువేల నలభై. నూలు దండుగని పెదనాన్న ఏళ్ల తరబడి సణిగాడు.

"పాంచ్ హజార్ అంటే సాఫ్ లెక్క. ఈ చాలీస్ ఎవరికే?" అని ఓసారి నా ముందే అడిగాడు.

"సేటు రేపు ఎన్ని పువ్వులడుగుతడో నీకెరుకనా?" అంది.

చద్దరు అడ్డంలో ఎన్ని పువ్వులుంటే, పోగుల్ని అన్ని సమాన భాగాలు చేయాలి. మిగిలితే అంచు దగ్గర పువ్వు తెగుతుంది. మగ్గానికి ఎక్కిన పడుగులోంచి పోగు తీస్తే అరిష్టమని మావాళ్ల నమ్మకం. అందుకే ఆమె ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది గుణించి ఆ సంఖ్య తెచ్చుకుంది. నేను కాగితం మీద వేసి చూశాను. ఒకటి నుంచి పది దాకా దేనితో భాగించినా శేషం లేదు. పన్నెండుకూ లేదు. ఒకటి నుంచి ఏడు దాకా వరుసగా గుణించినా అదే వస్తుంది. పన్నెండు లోపు లొంగనిది పదకొండు ఒక్కటే.

పోయిన నెల, మాకు ఆర్డర్లిచ్చే సేటు అడిగింది పదకొండు పువ్వులు. పెళ్లివారి కోరికట, సాయంత్రంలోగా జవాబు కావాలన్నాడు. పడుగు కోసి కొత్తది వేసేంత గడువు లేదు. ఇంట్లో వేరే పనీ లేదు. ఆర్డరు వద్దని చెప్పడానికి పెదనాన్న చెప్పులు వేసుకున్నాడు. జబ్బుతో మంచం మీదున్న పెద్దమ్మ ఆపింది.

"ఆ కొసకొకటి, ఈ కొసకొకటి ఎర్ర పోగులున్నయి గద. తియ్యి."

"అవి దిష్టివి గదనే."

ఇంటిల్లిపాదీ అలాగే నమ్మాం. పండగకు వాటికి పసుపు కూడా ముట్టించేవాళ్లం.

"దిష్టి నీకుంటది, పడుగుకేంది? అవి పదకొండు కోసం పెట్టిన. ఇన్నేండ్లల్ల ఒక్కలన్న అడగకపాయె."

రెండు తీస్తే ఐదువేల ముప్పై ఎనిమిది. పదకొండు భాగాలు, భాగానికి నాలుగువందల యాభై ఎనిమిది. శేషం లేదు. పెదనాన్న చెప్పులు విప్పి మగ్గం దగ్గర కూర్చున్నాడు.

మొదటి చద్దరు దిగగానే తెచ్చి ఆమె కాళ్ల మీద పరిచాడు. ఆమె ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పువ్వుల మీద వేలు నడిపింది. ఒక్క పువ్వూ తెగలేదు. "అకరా" అని మరాఠీలో పదకొండు దగ్గర లెక్క ముగించింది. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక ఆఖరి చద్దరు పూర్తిచేసి సేటుకు ఇస్తారు. మర్నాడు కొత్త పడుగు. వేసేది పెద్దమ్మ కోడలు, సంఖ్య మాత్రం అదే. పెదనాన్న రెండు పోగులకు తన చేత్తోనే ఎర్ర రంగు అద్దాడు. వాకిట్లో దండెం మీద, ఈ కొసకొకటి, ఆ కొసకొకటి, ఆరుతున్నాయి.