బియ్యపుగింజంత ఒత్తి

నానక్‌రామ్‌గూడలో కొవ్వొత్తులు పోసి అమ్మే ఈశ్వరయ్యకు ఒకటే జబ్బు. లోకంలో ఏ ఒత్తీ బియ్యపుగింజ కంటే పొడుగ్గా ఉండకూడదు. ఉంటే ఆయన చెయ్యి దానంతట అదే చొక్కాజేబులోని కత్తెర మీదికి పోతుంది. పక్కింటి పాప పుట్టినరోజున కేకు మీద ఒత్తులు ఐదూ వరసగా కత్తిరించాడు. పాప ఊదబోతే, "దీపాన్ని నోటితోని ఊదద్దు బిడ్డా" అంటూ తానే ఒక్కోదాని మీదా స్టీలు గ్లాసు బోర్లించి ఆర్పేశాడు. ఆ ఇంట్లో మళ్ళీ ఆయన్ని కేకుకు పిలవలేదు.

ఆయన దగ్గర కొవ్వొత్తి కొనడం ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్ళడంలాంటిది. ఉమాశ్రీ కూడా వెళ్ళింది. కాకినాడ నుంచి వచ్చి గచ్చిబౌలిలో కిరాయికి ఉంటూ, పొద్దస్తమానం కంప్యూటర్ తెర చూసీ చూసీ నిద్ర ఎటు పోయిందో తెలియని పిల్ల. మల్లెవాసన కొవ్వొత్తి పెట్టుకుంటే నిద్ర పడుతుందని ఎవరో చెప్పారు.

"ఒత్తి ఎంత ఉంచుతవ్?" అన్నాడు ఈశ్వరయ్య.

"ఎంతుంటే అంతేనండి."

"గట్లనే ఉంచితే మంట లేస్తది, మసి గోడకెక్కుతది, గాజు పలుగుతది. ఎలిగించే ముందు ప్రతిసారి కత్తిరియ్యాలె. ఫ్యాను కింద పెడ్తవా?"

"పెట్టనండి."

"పరదా పక్కన?"

"పెట్టనండి."

"ఎలిగించి పండుకుంటవా?"

"పడుకోడానికే కదండీ కొంటున్నాను" అంది ఉమాశ్రీ నీరసంగా.

ఆ జవాబుతో పరీక్ష తప్పింది. ఆర్పినంకనే పండుకోవాలని, మూడు గంటలకు మించి వెలిగించొద్దని ఆయన మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. చివరికి, "ఇంట్ల ఎవరెవరుంటరు?" అన్నాడు.

"నేనొక్కదాన్నేనండి."

నోటుబుక్కులో ఆమె పేరూ నంబరూ రాసుకుని, కొవ్వొత్తితోపాటు చిన్న కాగితప్పొట్లం చేతిలో పెట్టాడు. విప్పితే పసుపు రాసిన బియ్యపుగింజ ఒక్కటుంది. ఉమాశ్రీ భక్తిగా కళ్ళు మూసుకుని నెత్తిన వేసుకుంది.

"అవి అక్షింతలు గావు బిడ్డా, కొలత. పురుగు పట్టొద్దని పసుపు రాసిన."

ఆ గింజను జుట్టులోంచి వెతికి తీసేసరికి ఆమెకు ఉన్న ఓపిక కాస్తా అయిపోయింది.

మర్నాటి నుంచీ సరిగ్గా ఆరున్నరకు, దీపం పెట్టే వేళకు, ఫోను.

"ఒత్తి కత్తిరించినవా?"

"కత్తిరించానండి."

"మంచిది" అని పెట్టేసేవాడు. నెలకల్లా కొవ్వొత్తి అయిపోయి, గాజు గ్లాసు పెన్నులకు పనికొచ్చింది. ఫోన్లు మాత్రం ఆగలేదు. ఆఫీసులో టీమ్ లీడ్ చైతన్య, "ఉమా, ఫైల్ పంపావా? పోనీ ఒత్తి కత్తిరించావా?" అనడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం క్లయింటుకు ఆమె తన లాప్‌టాప్ తెర చూపిస్తోంది. ఫోను దానికే కలిపి ఉండటంతో, 'ఒత్తి తాతగారు' అని తెర మీద పెద్దక్షరాలతో వచ్చింది. కట్ చేస్తే మళ్ళీ వచ్చింది. మూడోసారీ వచ్చింది. ఎవరని క్లయింటు అడిగితే, "మా దగ్గర ఫైర్ సేఫ్టీ కొంచెం ఎక్కువండి" అన్నాడు చైతన్య. అందరూ నవ్వారు. తర్వాత ఆమెను పక్కకు పిలిచినప్పుడు మాత్రం అతను నవ్వలేదు.

"ఇంకోసారి ఇలా అయితే నిన్ను ఈ ప్రాజెక్టులో ఉంచడం నా చేతుల్లో ఉండదు."

నంబరు బ్లాక్ చేస్తే పోయేది. కానీ పెద్దాయన, ఎదురుగా చెప్పడమే మర్యాద అనుకుని, సెలవురోజు కాస్తా పాడుచేసుకుని షేర్ ఆటో ఎక్కింది.

"నా పేరు కొట్టేయండి తాతగారూ. మీ కొవ్వొత్తి అయిపోయి రెండు నెలలైంది."

"ఎర్కే. పోసినోనికి తెల్వదా ఎన్ని దినాలొస్తదో." ఆయన రెండు చేతులకూ మైనమే. గడ్డంతో నోటుబుక్కు చూపించాడు. "నువ్వే కొట్టెయ్."

పెన్సిలు పట్టుకుని తెరిచింది. అరల నిండా కొవ్వొత్తులు, వచ్చేపోయే జనం. పుస్తకంలో పేర్లు మాత్రం పదకొండు.

"మిగతావాళ్ళకు ఫోన్ చేయరా?"

"ఆళ్ళ ఇండ్లల్ల ఆర్పెటోళ్ళు ఉన్నరు బిడ్డా."

ఉమాశ్రీ తన పేరున్న పేజీ తిప్పింది. తేదీల పక్కన గుండ్రటి బడిరాత. 'గొంతు పట్టింది.' 'దగ్గు తగ్గింది.' 'కోపంల ఉంది.' ఒకచోట 'నవ్వింది', దాని కింద రెండు గీతలు. ఆఖరున, 'మూడుసార్లు చేసిన. ఎత్తలే.'

పేరు కొట్టేయలేదు. దాని పక్కనున్న 'ఆరున్నర' కొట్టేసి, పైన 'ఎనిమిది' అని రాసింది.

"అప్పటికి మీటింగులు అయిపోతాయండి."

ఈశ్వరయ్య వంగి చూశాడు. "ఎనిమిదంటే బువ్వ తినే యాళ్ళ గద."

"అయితే అదీ అడగండి."

"మరి ఇంట్ల కొవ్వొత్తే లేకపాయె. ఒత్తి సంగతి ఏమని అడగాలె?"

చేతులు తుడుచుకుని కొత్తది తీశాడు. ఫ్యాను, పరదా, మూడు గంటలు, అన్నీ మళ్ళీ అడిగాడు. ఈసారి ఆమె ఒక్కటీ తప్పలేదు. పొట్లం ఇచ్చాడు. ఉమాశ్రీ విప్పి, గింజ తీసి, కళ్ళు మూసుకుని నెత్తిన వేసుకుంది.

"అది కొలత అని చెప్పిన గద."

"తెలుసండి" అంది ఉమాశ్రీ.

ఈశ్వరయ్య కాగితం ముక్క చింపాడు. కొలతకు ఇంకో గింజ పొట్లం కట్టి ఇచ్చాడు.