రాయా, మొరమా

టేకులపల్లి దాటాక అడవిలో ఒక వాగు మీద కల్వర్టు కడుతున్న రోజుల్లో నేను అక్కడ రోడ్ల శాఖ తరఫున సూపర్‌వైజర్ని. ఎనభైల మొదట్లో సంగతి, నా తొలి ఉద్యోగం. పునాదులు తవ్వడం మొదలైన కొద్ది రోజులకే పని ఆగిపోయింది.

గొడవంతా నేల గురించి. తవ్వేది రాయి అయితే కాంట్రాక్టరుకు రేటు ఎక్కువ, మొరం, అంటే గులకమట్టి, అయితే తక్కువ. కాంట్రాక్టరు కోస్తా నుంచి వచ్చి కల్లూరు దగ్గర స్థిరపడ్డ పెద్ద రైతు. ఆయన అంతా రాయేనన్నారు. ఖమ్మం వాస్తవ్యులైన మా డిప్యూటీ ఇంజనీరు, డీఈ గారు, అంతా మొరమేనన్నారు.

ఇద్దరూ అబద్ధమాడలేదు. డీఈ గారి జీపు ఇవతలి ఒడ్డున ఆగేది. బూట్లు తడుస్తాయని ఆయన వాగులో దిగేవారు కాదు. కాంట్రాక్టరు గుడారం అవతలి ఒడ్డున ఉండేది. మోకాళ్ల నొప్పులని ఆయన ఇటు వచ్చేవారు కాదు. ఎవరి ఒడ్డు వాళ్లే చూశారు. ప్యాంటు మడుచుకుని మధ్యలో మాటలు మోసింది నేను.

"గడ్డపార ఏస్తే వెన్నల దిగినట్టు దిగుతది. ఇంక రాయి ఏంది? పోయి చెప్పు," అనేవారు డీఈ గారు.

"వెన్నయితే ఆయన్నే వచ్చి రొట్టెకి రాసుకోమనండి," అనేవారు కాంట్రాక్టరు.

వాగు దాటేలోపు ఆ మాటను, తమరు ఒకసారి దయచేసి చూడాలట అని మార్చుకునేవాణ్ని. రెండు ఒడ్లూ ఒకటి కాదని ఇద్దరికీ చెప్పి చూశాను. వాళ్ల గుడారంలో తింటున్నావా అని డీఈ గారు అనుమానంగా అడిగారు. తింటున్న మాట నిజమే, చుట్టుపక్కల ఇంకెక్కడా అన్నం దొరకదు. కాంట్రాక్టరేమో, మీరు సర్కారు మనిషి కదా, అలాగే అంటారులెండి అన్నారు.

పక్క గూడెం నుంచి వచ్చే కోయ కూలీలు పని లేకపోయినా ఇప్పపూలు ఏరుకుంటూ, నేను వాగు దాటడం చూస్తూ కూర్చునేవారు. తమ భాషలో ఏదో అనుకుని నవ్వేవారు. ఏమిటని అడిగితే ఏమీ లేదనేవారు.

చివరికి ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి వచ్చారు. రిటైరైన పెద్ద ఇంజనీరు. ఇద్దరి వాదనా ఓపిగ్గా విని, చెప్పులు విప్పి నేరుగా వాగులోకి దిగారు. ఇక తప్పక డీఈ గారూ బూట్లు విప్పారు.

అవతలి ఒడ్డున మధ్యవర్తి గడ్డపార డీఈ గారి చేతికిచ్చారు. ఒక్క పోటుకే అది ఖంగుమని ఎగిరింది. ఆయన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయారు. కాంట్రాక్టరు కూడా మోకాళ్లు పట్టుకుంటూ వాగు దాటి, అందరం ఇవతలికి వచ్చాక ఆయన వంతు. రాయి తగులుతుందనుకుని ఆయన బలమంతా పెట్టి పొడిచారు. గడ్డపార సగం దాకా దిగింది, మళ్లీ పైకి రాలేదు. ఆయన లాగుతూ ఆయాసపడుతుంటే డీఈ గారు చూడలేక తనూ పట్టుకున్నారు. అది ఊడి వచ్చిన ఊపుకు ఇద్దరూ వెనక్కి, బురదలో కూలబడ్డారు. కూలీలు ఈసారి బాహాటంగానే నవ్వారు.

"దెబ్బ గిట్ల తగిలిందా?" అని అడిగారు డీఈ గారు. కాంట్రాక్టరుతో ఆయన నేరుగా మాట్లాడటం అదే మొదలు.

"లేదండి. మీ ఒడ్డు మెత్తగానే ఉంది," అన్నారు కాంట్రాక్టరు.

"రెండు దిక్కులా వేరువేరుగా కొలువుండ్రి. గింత దానికి నన్ను పిలిపించిండ్రు," అని మధ్యవర్తి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారు.

వానలకు ముందే కల్వర్టు పూర్తయింది. ఆ వెంటనే, రోడ్డుకు అడ్డంగా ఉన్న మద్దిచెట్టును ఎవరు కొట్టాలన్న దాని మీద అటవీశాఖ వాళ్లతో కొత్త తగాదా మొదలైంది. డీఈ గారూ కాంట్రాక్టరూ ఒకే జీపులో వెళ్లి, వాళ్లతో పోట్లాడి వచ్చారు.