సిస్టమ్ లేపే మా రఫీక్ భాయ్

నిన్న పొద్దున రఫీక్ భాయ్‌కి ఫోన్ చేసింది తిట్టడానికే.

షాపు తెరిచి, చాయ్ తెప్పించి కూర్చున్నాను. ఎంతసేపటికీ మనిషి రాలేదు. సిస్టమ్ లేవలేదు. అటు ఫోన్ ఎత్తగానే అందుకున్నాను.

"ఏడున్నవ్ భాయ్? గీ చలికి నీ ముసల్ది లేస్తలేదు. చాయ్ గూడ సల్లగైతుంది. జల్ది రా."

ఎత్తింది భాభీ.

"సరితా... మీ భాయ్ లేడమ్మా. తెల్లారుజామున ఫజర్ నమాజ్‌కు లేపితే లేవలే."

నేనేమన్నానో గుర్తు లేదు. షట్టర్ కూడా దించకుండా పోయానని పక్క సెలూన్ వాళ్లు తర్వాత చెప్పారు.

భాయ్ ఎవరో తెలియని మా ఫ్రెండ్స్ కోసం చెబుతున్నాను.

ఆదిలాబాద్‌లో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, బిల్ బుక్కులు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. భాయ్‌కి ఒకప్పుడు బస్టాండ్ దగ్గర కంప్యూటర్ రిపేర్ షాపు ఉండేది. నా డెస్క్‌టాప్ ఆయన చేతులతో బిగించిందే. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక ఆయన షాపు మూతపడింది. ఆయనకు నా డెస్క్‌టాప్ ఒక్కటే మిగిలింది.

దాని మదర్‌బోర్డు ముసలిదైపోయింది. ఎండాకాలం బాగానే ఉంటుంది. చలికాలం పొద్దున మాత్రం స్టార్ట్ కాదు. మన ఆదిలాబాద్ చలి తెలిసిందే కదా, మనుషులే దుప్పట్లో నుంచి లేవరు.

అందుకే రోజూ భాయ్ వచ్చేవాడు. సెలూన్ వాళ్ల హెయిర్ డ్రయర్ అడిగి తెచ్చి, క్యాబినెట్ పక్క రేకు తీసి, బోర్డుకి వేడి గాలి పట్టేవాడు. జిన్నింగ్ మిల్లు నుంచి ఎగిరొచ్చి ఫ్యాన్‌లో ఇరుక్కున్న దూదిని గిల్లి తీసేవాడు. కాసేపటికి అది లేచేది. రాత్రి షాపు మూసేటప్పుడు దాని మీద పాత శాలువా కప్పాలని నాకు ఆర్డర్. మరిచిపోతే తెల్లారి నాకు అక్షింతలే.

ఒకసారి ఊరి నుంచి ఒక పెద్దాయన బిడ్డ పెళ్లి కార్డు కోసం పొద్దున్నే వచ్చాడు. భాయ్ టేబుల్ కింద కూర్చుని డ్రయర్ కొడుతున్నాడు. పెద్దాయన వంగి చూశాడు.

"ఏందమ్మా, కంప్యూటర్‌కు గూడ తలస్నానం పోసిన్రా?"

భాయ్ తల కూడా తిప్పలేదు. "మరి? నీ బిడ్డ పెండ్లి పత్రిక పెద్దయ్యా. తానం చెయ్యకుంట ఎట్ల ముట్టుకుంటది?"

ఆ పెద్దాయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. కార్డు తీసుకుని పోతూ భాయ్‌ని పెళ్లికి పిలిచి మరీ పోయాడు.

ప్రతి చలికాలం మాకు ఒకటే పంచాయతీ. మదర్‌బోర్డు మార్చాలా, వద్దా?

కరీంనగర్‌లో ఉన్న మా తమ్ముడు మార్చమని పోరు పెట్టేవాడు. భాయ్ వద్దనేవాడు.

"బోర్డు మార్సుడంటే కొత్త అల్లుడు ఇంటికొచ్చినట్టే చెల్లె. ఒక్కడే రాడు. ర్యామ్ కొత్తది కావాలె, ప్రాసెసర్ కొత్తది కావాలె. మన పాత తెలుగు సాఫ్ట్‌వేర్ నడవాలంటే సిస్టమ్ వెనక లాక్ ముక్క గుచ్చుతం సూడు, గా సాకెట్ కొత్త బోర్డులకు రాదు. జర ఆగు. ఫికర్ చెయ్యకు, నేను లేనా?"

నేను ఆగేదాన్ని.

పోయిన చలికాలం తమ్ముడు కరీంనగర్‌లో కనుక్కున్నాడు. ఆ సాకెట్ విడిగా దొరుకుతుందట, బేఫికర్‌గా మార్చుకోవచ్చట. తర్వాత చూద్దాం లేరా అన్నాను. భాయ్‌కి చెప్పలేదు.

ఎందుకంటే, సిస్టమ్ దానంతట అదే లేస్తే భాయ్ ఎందుకు వస్తాడు?

మా ఆయన మస్కట్‌లో. షాపుకి వచ్చేవాళ్లంతా అక్షరాలు పెద్దవి చెయ్యమ్మా, ఫోటో జరపమ్మా అనేవాళ్లే. తిన్నావా, జ్వరం తగ్గిందా అని అడిగే మనిషి భాయ్ ఒక్కడే. చాయ్ తాగుతూ ఆయన చెప్పిన ముచ్చటే మళ్లీ చెప్పేవాడు. నేను మొదటిసారి విన్నట్టే వినేదాన్ని.

నిన్న సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత మగవాళ్లంతా భాయ్‌ని తీసుకుపోయారు. నేను భాభీ దగ్గర కూర్చున్నాను. కొంతసేపటికి భాభీ లేచి అల్మారాలో నుంచి ఒక డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

కొత్త మదర్‌బోర్డు. దాంతో పాటు ప్రాసెసర్, ర్యామ్, లాక్ పెట్టే ఆ సాకెట్ కూడా.

"పోయినేడే తెచ్చిండు, నీ కోసమనే. మరి పెట్టియ్యరాదా అంటే, 'పెట్టినంక పొద్దుగాల నేను యాడికి పోవాలె?' అన్నడు."

భాయ్... నువ్వు గూడనా?

ఆ డబ్బా పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపుకి భాభీనే నన్ను ఓదార్చాల్సి వచ్చింది.

ఈ రోజు షాపు తెరవకూడదనుకున్నాను. ఇంట్లో ఉండలేక తెరిచాను. సెలూన్ వాళ్లు నేను అడగకముందే డ్రయర్ తెచ్చిచ్చారు. నేనే టేబుల్ కింద కూర్చుని గాలి పట్టాను. సిస్టమ్ లేచింది. లేస్తే సంతోషం అనిపించాలి కదా, అనిపించలేదు. చాయ్ అబ్బాయి అలవాటుగా రెండు గ్లాసులు పెట్టి పోయాడు. రెండోది అట్లాగే ఉంది.

రోజూ ఇలా ఒక్కదాన్నే కూర్చుని దాన్ని లేపడం నావల్ల కాదు. అందుకే ఆదివారం తమ్ముణ్ని రమ్మన్నాను. భాయ్ తెచ్చిన బోర్డే పెట్టిస్తాను. ఇక ఆపాల్సిన కారణమే లేదు.

సోమవారం నుంచి బటన్ నొక్కితే చాలు, అదే లేస్తుంది. షాపులో చప్పుడే ఉండదు.

నీకు పొద్దుగాల లేసి ఉరుకుడు లేదు ఇగ. నిమ్మళంగ పండుకో భాయ్. అల్లా నిన్ను వెచ్చగ సూసుకోవాలె.

— నీ చెల్లె సరిత