బలవంతం చేయని మనిషి

బహ్రెయిన్‌లో, మనామాలోని నా కంప్యూటర్ల కొట్టుకు గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఏజెంటు ఒకాయన వచ్చేవాడు. ఏం చేసినా "బలవంతమేం లేదండీ" అనేవాడు. అలా అంటూనే ఒకరోజు పోటీ కంపెనీ డబ్బాలన్నీ అరలోంచి దింపి బల్ల కిందికి తోశాడు.

"అవి కనబడితే మీకు మా సరుకు రాదు, కొట్టు ముందు పెట్టే మా బ్రాండు బోర్డూ రాదు. ఆపైన మీ ఇష్టం."

అంతలో సిత్రాలోని కూలీల క్యాంపు నుంచి మా జిల్లా వెల్డరు ఒకతను వచ్చి, బల్ల కిందికి పోయిన ఆ పోటీ కంపెనీ చవక కార్డే అడిగాడు. ఏజెంటు ఖరీదైన తన కార్డు చూపించాడు. వెల్డరు నావైపు తిరిగాడు.

"నువ్వు చెప్పన్నా. అది లేదా?"

"లేదు తమ్మీ," అన్నాను.

ఓవర్‌టైం డబ్బంతా పెట్టి ఖరీదైనదే కొనుక్కుపోయాడు. ఏజెంటు నా భుజం తట్టాడు. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ కంపరమే. అయినా కొట్లో పుట్టి పెరిగినవాణ్ని కదా, ఆ చెయ్యి భుజం మీద ఉండగానే, ఉచితంగా ఇచ్చే బోర్డుకు లైట్లు కూడా పెట్టించమని బేరమాడాను.