ఉప్పుమూట

బోరు మోటార్లు బాగుచేసే ఏన్కూరు జంపయ్య, పైపుముక్కకు అద్దాలు బిగించి తానే టెలిస్కోపు చేసుకున్నాడు. చలికాలంలో పెరట్లో పెడితే చాలు, అడవి మంచు అద్దాన్ని కమ్మేస్తుంది. గీతలు పడతాయని బట్ట తగలనివ్వడు. వేడి ఉప్పుమూటతో గొట్టానికి పసిబిడ్డకు పెట్టినట్టు కాపడం పెడతాడు. నిజానికి ఆ మూట భార్య ముత్తక్క మోకాళ్ల నొప్పులది. 2003 డిసెంబరులో, వారం ముసురు తర్వాత శనిగ్రహం కనబడిన రాత్రే ఆమెకు నొప్పులు ఎక్కువయ్యాయి. జంపయ్య అద్దాన్ని మంచుకొదిలేసి ఆమె మోకాళ్లు కాపుతూ కూర్చున్నాడు.

"నాకు తగ్గింది గని, మూట చల్లారకముందే దానికి పెట్టుపో" అందామె.

అద్దం తేటపడగానే, ఎప్పుడూ ముందు తానే చూసే జంపయ్య ఆమెకు పీట వేశాడు. ముత్తక్క చాలాసేపు కన్ను తీయలేదు.

"అయ్యో, గంత దూరంల ఒక్కటే ఉన్నది. దానికెవరు పెడ్తరయ్యా కాపడం?"